బండి ఎడమకు గుంజుతాందంటె కుడి చక్రం విప్పిండు: ములుగు రోడ్డు బ్రేకుల షెడ్డు గురించి

హన్మకొండ, వరంగల్, కాజీపేటల కారు బ్రేకుల పని ఎవలి దగ్గర చేపియ్యాలె అని నన్ను అడిగేటోళ్లకు ఇప్పుడు ఒక్కటే జవాబు చెప్తాన, ములుగు రోడ్డు దిక్కు లోపటి గల్లీల ఉన్న ఒక చిన్న రేకుల షెడ్డు. పేరు, నంబరు ఇక్కడ పెడ్తలేను, షెడ్డు మెకానిక్ అన్ననే వద్దన్నడు, ఇప్పటికే వచ్చే బండ్లకు టైం సరిపోతలేదు తమ్మీ, నెట్ల పెడితె ఫోన్లు ఆగయి, చేతిల పని పాడైతది అన్నడు. అందుకని పని ఎట్ల చేసిండో మొత్తం రాస్తాన, మీరు ఇంకేడికి పోయినా గా మెకానిక్ ఇట్ల చూస్తాండా లేదా అని పోల్చుకునేటందుకైనా పనికొస్తది.

నాది చిన్న హ్యాచ్‌బ్యాక్, ముంగట డిస్కు బ్రేకులు, ఎన్క డ్రమ్ము బ్రేకులు. హన్మకొండ నుంచి నర్సంపేట దిక్కు రోజూ తిరుగుడు. వానకాలంల నాట్ల టైంకు ట్రాక్టర్లు పొలంలకెల్లి కేజ్ వీల్స్ తోటి రోడ్డెక్కుతయి గదా, ఆ బురదంత రోడ్డు మీదనే ఉంటది, మన చక్రాలకు, డిస్కులకు అదే కొట్టుకుంటది. నాట్లు అయిపోయినంక బ్రేక్ తొక్కినప్పుడల్ల బండి ఎడమ దిక్కు గుంజుడు మొదలైంది. మెల్లగ పోతె తెల్వదు, 60 మీద ఉన్నప్పుడు గొర్లో బర్లో అడ్డమొచ్చి గట్టిగ తొక్కితె స్టీరింగ్ చేతిలకెల్లి పక్కకు పోతాంది. ఎన్క సీట్ల బాపు, పిల్లలు ఉన్నప్పుడు గట్ల అయితె గుండె ఆగినంత పనైతది, ఇగ బండి తియ్యబుద్ధి కాలే.

ముందుగాల ఊర్లనే వేరే గ్యారేజీల చూపిచ్చిన. చక్రం గూడ ఇప్పకుంట, ఎడమకు గుంజుతాందంటె ఎడమ కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే ముక్క) పట్టేసింది, కాలిపర్ మార్చాలె, ఎట్లాగు రెండు డిస్కులు మార్చుకుంటె మంచిది అని పది వేలు దాటిన ఎస్టిమేట్ చేతిల పెట్టిండ్రు. దోస్తు ఒకడు ఆగు అని ఈ షెడ్డు చెప్పిండు.

అన్న నా మాట మొత్తం ఇన్నడు, మధ్యల ఆపలే. ఇన్నంక అడిగిన ప్రశ్నలు రాస్తాన, ఎందుకంటె సగం రోగం అక్కన్నే దొరికింది. బ్రేక్ తొక్కినప్పుడే గుంజుతాందా, ఊకె పోయేటప్పుడు గూడ గుంజుతాందా? తొక్కంగనే గుంజుతాందా, కొంచెం సేపు పట్టినంకనా? స్టీరింగ్ వణుకుతాందా, పెడల్ వణుకుతాందా? బండి ఆపి దిగినంక కాలిన వాసన వస్తాందా? ఈ మధ్యల టైర్లు మార్చినవా, అలైన్‌మెంట్ చేపిచ్చినవా? ఇవన్నీ అడిగి ఫస్టు నాలుగు టైర్ల గాలి చెక్ చేసిండు, ముంగటి రెండు టైర్లల్ల గాలి తేడా ఉన్నా బండి ఒక పక్కకు పోతదట, అది సరిచేయకుంట బ్రేక్ ముట్టుడు దండుగ అన్నడు.

తర్వాత నన్ను పక్కన కూసోబెట్టుకొని ఆయనే నడిపిండు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదులుగ పట్టుకొని పోయి చూసిండు, బండి సీదా పోతాంది. అంటె అలైన్‌మెంట్ తోటి సంబంధం లేదు. మల్ల 40 లో మెల్లగ, గట్టిగ, ఇట్ల మార్చి మార్చి తొక్కి, షెడ్డుకొచ్చి దిగంగనే దూరం నుంచే వేడి కొలిచే గన్ తీసి ముంగటి రెండు డిస్కుల వేడి చూసిండు. ఎడమది బాగ వేడి, కుడిది దానికంటె చాన తక్కువ. నేను అనుకున్న, ఇగ ఎడమదే పట్టేసింది కావచ్చు, గా గ్యారేజోళ్లు చెప్పింది నిజమే అని. అన్న జాకీ ఏసి ఎడమ చక్రం లేపి చేతితోటి తిప్పి చూపిచ్చిండు, బ్రేక్ వదిలినంక అల్కగ తిరుగుతాంది, ఎక్కడా పట్టేస్తలేదు. "పట్టేసిన చక్రమైతె ఇట్ల తిరగదు తమ్మీ, ఎడమది తన పని తాను మంచిగనే చేస్తాంది, కుడిదే పని చేస్తలేదు, గందుకే బండి ఎడమకు పోతాంది" అన్నడు. ఇది ఇన్నంక నాకు మస్తు నమ్మకం కుదిరింది. గుంజిన దిక్కే రోగం ఉంటదని లేదు, ఎడమ బ్రేక్ ఎక్కువ పట్టినా ఎడమకే గుంజుతది, కుడి బ్రేక్ తక్కువ పట్టినా ఎడమకే గుంజుతది, చక్రం ఇప్పి చూడనోళ్లకు ఏదో ఎట్ల తెలుస్తది.

కుడి చక్రం ఇప్పినంక అసలు కథ బయటపడ్డది. మనసొంటి చిన్న బండ్ల ముంగటి కాలిపర్లకు పిస్టన్ లోపటి దిక్కే ఉంటది. బ్రేక్ తొక్కితె పిస్టన్ లోపటి ప్యాడును డిస్కు మీదికి నూకుతది, అప్పుడు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడును గూడ గుంజుకొచ్చి డిస్కుకు పట్టిస్తది. ఆ పిన్నుల రబ్బరు బూటు ఒకటి చినిగింది, బురద నీళ్లు లోపటికి పోయి పిన్ను తుప్పు పట్టి బిగుసుకపోయింది. కాలిపర్ జారుతలేదు, కాబట్టి లోపటి ప్యాడు ఒక్కటే కష్టపడతాంది. రెండు ప్యాడ్లు చేతిల పెట్టి చూపిచ్చిండు, లోపటిది 3 మిల్లీమీటర్లకు వచ్చింది, బయటిది దాని కంటె రెండింతలు మందం ఉంది. ఎడమ పక్క ప్యాడ్లు రెండూ సమానంగ అరిగినయి. ఇగ దీనికంటె సాక్ష్యం ఏం గావాలె.

అయినా అక్కడ ఆగలే. హోస్ పైపు లోపట ఉబ్బి మూసుకపోతె గూడ ఒక చక్రం సరిగ్గ పట్టదు, అందుకని పిల్లగానితోటి పెడల్ తొక్కిపిచ్చి కుడి పక్క నిప్పుల్ (ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న మూతి) వదులు చేసి చూసిండు, ఆయిల్ జోరుగనే వచ్చింది, పైపు మంచిగనే ఉన్నట్టు. పిస్టన్ ఎన్కకు నూకి చూసిండు, సాఫీగ పోయింది. డిస్కులు మైక్రోమీటర్ పెట్టి కొలిచిండు. డిస్కు మీదనే ఎంత మందం వరకు వాడొచ్చో కంపెనీ కొట్టి ఉంటదట, దానికంటె పైనే ఉన్నయి రెండూ, మార్చే పని లేదన్నడు. పది వేల ఎస్టిమేట్ల పెద్ద ముక్క డిస్కులదే, అవి మార్చినా కుడి పిన్ను అట్లనే ఉండేది, బండి అట్లనే గుంజేది.

పిన్నులు, బూట్లు కొత్తయి ఏసిండు, పిన్ను పోయే బొక్కలు బ్రష్షు పెట్టి శుభ్రం చేసిండు, గ్రీజు మాత్రం బ్రేకుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజే. చాన షెడ్లల్ల బేరింగులకు రాసే మామూలు గ్రీజే ఇక్కడ గూడ రాస్తరు, పెట్రోలియం గ్రీజుకు ఆ రబ్బరు ఉబ్బుతది, కొన్ని నెలలకు మల్ల పిన్ను బిగుసుకుంటది. మీరు ఎక్కడ చేపిచ్చినా ఈ ఒక్క గ్రీజు డబ్బ అడిగి చూడుండ్రి. ప్యాడ్లు రెండు పక్కలా కొత్తయి ఏసిండు, ఒక పక్క కొత్తయి, ఒక పక్క పాతయి ఉంటె మల్ల గుంజుడే కావట్టి ముంగటి సెట్టు మొత్తం ఒక్కసారే మార్చాలె. ప్యాడ్లు నా ముంగటనే సీలు తీసిండు, బాష్, రాణే, టీవీఎస్ గిర్లింగ్ లాంటి పేరున్నయే తెప్పిస్తడు, ఖుల్లా సంచుల్ల వచ్చేటియి ముట్టడు.

ఇగ బ్రేక్ ఆయిల్ ముచ్చట. దీని మీద అన్నకు మస్తు పట్టింపు, నాకు గూడ అక్కడ కూసున్నంకనే దాని విలువ తెలిసింది. రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బ) మూత తీసి పెన్నుసొంటి టెస్టర్ ముంచిండు, ఎర్ర లైటు పడ్డది, అంటె నీళ్లు చేరినయి. వానకాలం ఉప్పు డబ్బ మూత తీసిపెడితె తడి ఎట్ల గుంజుకుంటదో బ్రేక్ ఆయిల్ గూడ గాలిల తడిని గట్లనే గుంజుకుంటది, అది దాని గుణమే. డాట్ 4 ఆయిల్ (డాట్ అంకె బ్రేక్ ఆయిల్ ఏ రకమో చెప్తది) కొత్తగున్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాక మరగొద్దు, తడి 3.7 శాతం చేరినంక 155 కే మరిగినా ప్రమాణం ప్రకారం చెల్లుతది. డాట్ 3 అయితె 205, 140. గట్టిగ, మాటిమాటికి బ్రేకులు కొట్టినప్పుడు ఆ వేడి కాలిపర్‌ల ఉన్న ఆయిల్‌కు ఎక్కుతది, లోపటి నీళ్లు ఆవిరైతయి, ఆవిరిని నొక్కితె అణుగుతది తప్ప చక్రానికి బలం పోదు, పెడల్ ఒక్కసారే కిందికి పోతది. మేడారం జాతరకు పోయేటప్పుడు నిండ జనం, సామాను ఏసుకొని పస్రా, తాడ్వాయి దిక్కు ఆగుకుంట కదులుకుంట పోతం గదా, ముంగట బండ్లు ఆగినప్పుడల్ల తొక్కుడే, గసుంటి ప్రయాణానికి ముందు ఆయిల్ ఒకసారి చూపిచ్చుకోవాలె. మామూలుగ రెండేండ్లకు ఒకసారి మార్చాలె, కిలోమీటర్లు తక్కువ తిరిగినా సరే, తడి చేరుడు ఆగదు కాబట్టి.

ఇంకొకటి, ఆయిల్ తగ్గిందని ఊకె పోసుకుంట పోవద్దన్నడు. ప్యాడ్లు అరిగిన కొద్ది పిస్టన్ బయటికి వస్తది, ఆ మేరకు రిజర్వాయర్‌ల ఆయిల్ దిగుతది, అది మామూలే. అరిగిన ప్యాడ్ల మీద ఆయిల్ నింపితె, కొత్త ప్యాడ్లు ఏసినప్పుడు పిస్టన్ ఎన్కకు నూకంగనే అంత పొంగి బయటికొస్తది, ఆ ఆయిల్ పడ్డకాడ పెయింటు లేస్తది. ప్యాడ్లు మంచిగుండంగ ఆయిల్ తగ్గుతాందంటె ఎక్కడో కారుతాంది, అది ఎతకాలె. ఇంజన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ పొరపాటున గూడ అందుల పొయ్యొద్దు, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి ఖరాబైతయి, మొత్తం సిస్టమే మార్చుడు పడతది. డాట్ 5 అనేది సిలికాన్‌ది, మన బండ్లది కాదు, డాట్ 5.1 వేరే, అంకె చూసి పొరపడొద్దు. మూత మీద ఏం రాసుంటె అదే.

బ్రేక్ లైన్లల్ల గాలి తీసుడు మొత్తం కూసోని చూసిన. నా బండికి మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితె ఆయిల్‌ను లైన్లల్లకు నూకేది) అన్నిటికంటె దూరమున్న ఎన్క ఎడమ చక్రం కాన్నుంచి మొదలుపెట్టిండు, తర్వాత ఎన్క కుడి, ముంగట ఎడమ, ముంగట కుడి. కొన్ని బండ్లకు కంపెనీ వరుస వేరే ఉంటది, పుస్తకం చూసే చేస్తా అన్నడు. నిప్పుల్‌కు సన్న పైపు తొడిగి ఇంకో కొస సీసల ముంచి, లోపట పిల్లగాడు తొక్కి పట్టుకుంటె ఈయన వదులు చేసి, మల్ల బిగిచ్చినంకనే వదలమంటడు, బిగియ్యకముందు పెడల్ వదిలితె గాలి మల్ల లోపటికే పోతది. నల్ల కాఫీ రంగుల ఉన్న ఆయిల్ పోయి తేనె రంగుది వచ్చేదాక తీసిండు. అన్ని చక్రాలు బిగిచ్చుడు గూడ ఎయిర్ గన్‌తోటి గాదు, టార్క్ రెంచ్ పెట్టి ఎదురెదురు నట్లు బిగిచ్చిండు.

ఆ నట్ల బిగింపు ఎందుకంత ముఖ్యమో నా బండి అయ్యేలోపల వచ్చిన ఇంకో బండి చూసినంక తెలిసింది. జనగామ దిక్కు నుంచి వచ్చిన కాక ఒకాయన, 80 మీద బ్రేక్ కొడితె స్టీరింగ్ దడదడ వణుకుతాందన్నడు. వీల్ బ్యాలెన్సింగ్ ఇప్పటికే చేపిచ్చుకున్నడట, ఫాయిదా లేదు. బ్రేక్ కొట్టకుంట గూడ వణికితె టైర్లు, బ్యాలెన్సింగ్ చూడాలె, కొట్టినప్పుడే వణికితె డిస్కు చూడాలె అని అన్న డయల్ గేజ్ పెట్టి డిస్కు తిప్పిండు, ముల్లు అటిటు ఊగుతాంది. నట్లు ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ బిగిచ్చినా డిస్కు ఒంకరగ కూసుంటది, హబ్బు (డిస్కు, చక్రం బిగిచ్చే నడిమి ముక్క) మీద తుప్పు ఉన్నా అంతే. డిస్కు ఊడదీసి హబ్బు మీద తుప్పు గీకి మల్ల ఏసి చూసిండు, ఊపు తగ్గింది గని పూర్తిగ పోలే, మందం బాగుంది కాబట్టి సాపు చేపియ్యనీకి లేత్‌కు పంపుతా, కొత్తది అక్కర్లేదు అని చెప్పిండు. కాక మొఖం ఎలిగిపోయింది.

నేను కూసున్నంత సేపు వచ్చినోళ్లను అడుగుకుంట, అన్నను అడుగుకుంట ఇంకా కొన్ని తెలుసుకున్న, గబగబ రాస్తాన. పెడల్ మెత్తగ దూదిలెక్క పోయి రెండుసార్లు కొడితె పైకొస్తాందంటె లైన్ల గాలి ఉండొచ్చు, ఎన్క డ్రమ్ముల లైనర్ల (డ్రమ్ముకు లోపటి దిక్కు రాసుకునే ముక్కలు) అడ్జస్ట్‌మెంట్ వదులై గూడ ఉండొచ్చు. తొక్కి పట్టుకుంటె మెల్లమెల్లగ కిందికి దిగుతాంది, బయట ఎక్కడా కారుతలేదు అంటె మాస్టర్ సిలిండర్ లోపటి సీళ్లు పోయినట్టు, ఆ బండి నడుపుకుంట పోవద్దు, లాక్కపోవాలె. పెడల్ రాయిలెక్క గట్టిగైతె బూస్టర్ (కాలు బలాన్ని పెంచేది) గని దానికి పోయే వాక్యూమ్ పైపు గని చూడాలె. ఇంట్లనే చూసుకోవచ్చు, ఇంజన్ బందు పెట్టి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, తొక్కి పట్టుకునే ఇంజన్ స్టార్ట్ చెయ్యాలె, పెడల్ కొంచెం కిందికి దిగితె బూస్టర్ పని చేస్తాన్నట్టు, దిగకపోతె చూపిచ్చుకోవాలె. కీచుమని సన్న సప్పుడు వస్తే ప్యాడుకు ఉండే సన్న రేకు డిస్కుకు తాకుతాంది కావచ్చు, ప్యాడు అయిపోవస్తాందని చెప్పేటందుకే కంపెనీ అది పెడ్తది, అన్ని ప్యాడ్లకు ఉండదు. గరగరమని ఇనుము రాసుకునే సప్పుడు వచ్చేదాక ఉన్నరంటె ప్యాడు మీద రాసుకునే పొర అయిపోయి ఎన్కటి ఇనుప పలక డిస్కును తింటాన్నట్టు, అప్పుడు డిస్కు గూడ పోతది. అన్ని సప్పుళ్లు గట్లే ఉండయి, పరకాల దిక్కు నుంచి వచ్చిన బండికి పొలం మట్టిల గులకరాయి డిస్కుకు, ఎన్కటి రేకుకు నడుమ ఇరుక్కుంది, తీసి పంపిచ్చిండు, పైసలు గూడ తీసుకోలే.

ఎన్క డ్రమ్ము ఇప్పితె వీల్ సిలిండర్ (ఆయిల్ బలంతోటి లైనర్లను నూకేది) కారి లైనర్లు తడిసిన బండి గూడ చూసిన, తడిసిన లైనర్లు కడిగి వాడుడు ఉండదు, సిలిండర్ తోటి పాటు మార్చుడే. డ్రమ్ముల దుమ్ము ఎయిర్ పైపు పెట్టి ఊదనియ్యడు, పాత లైనర్లల్ల ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు చెడ్డది, స్ప్రే కొట్టి తడి బట్టతోటి తుడిపిస్తడు. పని చేసే పిల్లల మీద గంత ఖ్యాల్ పెట్టుడు నాకు బాగ నచ్చింది.

2023 జులై వానలకు నైంనగర్, హంటర్ రోడ్డు దిక్కు కాలనీలు మునిగినయి గదా, అప్పుడు మునిగిన బండ్లు చాన చూసిండట. డ్రమ్ములల్ల బురద పేరుకొని ఉంటది, హ్యాండ్ బ్రేక్ ఏసి వదిలిపెట్టిన బండ్లకు లైనర్లు డ్రమ్ముకు తుప్పుతోటి అతుక్కపోతయి, బలవంతంగ గుంజితె లైనరు ఊడుతది. నీళ్లల్ల మునిగిన బండి నాలుగు చక్రాలు ఇప్పకుంట, ఆయిల్ మార్చకుంట రోడ్డెక్కియ్యొద్దని గట్టిగ చెప్పిండు. వానకాలం బండి చాన రోజులు పెట్టేదుంటె సాపు జాగల గేర్ల ఏసి చక్రానికి రాయి పెట్టుడు మంచిది.

ఇబ్బందులు గూడ రాయాలె. నిలబడేటందుకు సరైన జాగ లేదు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వాన పడితె అందరం ఒక్క రేకు కిందికే. ఆడోళ్లు, పెద్దోళ్లు వస్తే కష్టమే. పార్టులు దగ్గర పెట్టుకోడు, నీ బండి చూసినంకనే పిల్లగాన్ని దుకాణానికి పంపిస్తడు, కాబట్టి పూట మొత్తం పోతది. బిల్లు చేతిరాతదే, కాకపోతె ఏ పార్టుకెంత, పనికెంత అని ఇడిఇడిగ రాస్తడు, పాత పార్టులు సంచిల ఏసి నీ చేతికే ఇస్తడు. ఏబీఎస్ (గట్టిగ బ్రేక్ కొట్టినా చక్రాలు బిగుసుకపోకుంట చూసేది) లైటు ఎలిగే బండ్లకు చక్రాల కాడి సెన్సర్, వైరు, దానికి పట్టిన బురద వరకు చూస్తడు, స్కానర్ పెట్టాల్సిన పనైతె నాతోని గాదని వేరే కాడికి పంపిస్తడు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికి ఏబీఎస్ తప్పనిసరి కావట్టి ఇగ వచ్చే బండ్లన్నీ అసుంటియే, ఈయన గూడ ఒక మంచి స్కానర్ పెట్టుకుంటె బాగుండు అని నేను చెప్పిన, చూస్తా అన్నడు. గట్టిగ బ్రేక్ కొట్టినప్పుడు ఏబీఎస్ బండ్ల పెడల్ కాలు కింద టకటక కొట్టుకుంటది, అది రోగం కాదు, కాలు తియ్యకుంట అట్లనే తొక్కి పట్టాలె, కొత్తగ నడిపేటోళ్లు భయపడి కాలు తీస్తాండ్రట.

పైసలు: ప్యాడ్ల సెట్టు, పిన్నులు బూట్లు, డాట్ 4 ఆయిల్, పని అన్నీ కలిపి 3 వేల చిల్లర అయింది. నాకైతె చాన న్యాయం అనిపిచ్చింది. చిన్న బండి కాబట్టి ఇంత, పెద్ద బండ్లకు, ఎన్క గూడ డిస్కులున్న బండ్లకు ఎక్కువనే అయితది.

బండి ఇచ్చేటప్పుడు ఊకె తాళం చేతిల పెట్టలే. ముందు ఆయనే మల్ల నడిపి అదే వేడి గన్ పెట్టి చూపిచ్చిండు, ఈసారి రెండు డిస్కులు దాదాపు సమానం. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదిరేదాక ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాక మోస్తరుగ తొక్కుతు కొన్నిసార్లు తగ్గియ్యి, పూర్తిగ ఆపకు, మధ్యల చల్లారనియ్యి, వేడి మీద పెడల్ తొక్కి పట్టుకొని నిలబడకు, మొదటి రోజులు కొంచెం దూరం పాటించు అని చెప్పిండు. 500 కిలోమీటర్లు తిరిగినంక ఊకెనే తీసుకరా, చూసిస్తా అన్నడు.

తీసుకపోయిన. కుడి చక్రం ఇప్పి ప్యాడ్లు చూసిండు, లోపటిది, బయటిది ఒక్కతీరే అరుగుతానయి, పిన్ను ఏలు తోటి నూకితె జారుతాంది. ఒక్క రూపాయి తీసుకోలే. ఎన్క లైనర్లు గూడ చూసి దసరా తర్వాత మార్చుకుందువు, ఇప్పుడే తొందరలేదు అన్నడు, అవి గూడ అక్కన్నే చేపిస్తా. పోయేటోళ్లు పొద్దున షెడ్డు తెరవంగనే పోండ్రి, పదకొండు దాటితె ఆ రోజు బండి ముట్టడు, ఆదివారం బందు.